ఇల్లు సొచ్చే ముందు

పోయిన వారం శంకరవ్వను మనం కొత్త ఇంటి వాకిట్లో విడిచిపెట్టాం. చేతులకు సున్నం, నెత్తికి బట్ట, తెల్లవారితే ఇల్లు సొచ్చుడు, అంటే గృహప్రవేశం. తల్లి లింగవ్వ, చెల్లెలు భూమవ్వ లక్సెట్టిపేట దిక్కు నుంచి బస్సులు మారి వచ్చి, టాంగా మాట్లాడుకొని వాకిట్లో దిగారు. శంకరవ్వ ఎదురు పరుగెత్తి తల్లిని పట్టుకుంటే తల్లి తలెత్తలేదు. చెల్లెలు టాంగా చక్రం పక్కనే నిలబడిపోయింది. అత్త కిష్టవ్వ మాత్రం, ఎన్నడూ లేనిది, తానే ఎదురు వచ్చి వాళ్ల చేతిలోని మూత కట్టిన వెదురు గంపను అందుకుంది. "పైలం, పైలం" అనుకుంటూ దాన్ని జాగ్రత్తగా అరుగు మీద పెట్టింది.

ఆ గంపలో ఏముందో అక్కడున్న నలుగురు ఆడవాళ్లలో శంకరవ్వ ఒక్కదానికే తెలియదు.

పుట్టింటి వాళ్లు ఒడిబియ్యం తెచ్చారనుకుంది ఆమె. బిడ్డ కొత్త ఇల్లు సొచ్చేనాడు పుట్టింటి నుంచి చీరె, రవికె, ఒడిబియ్యం రావాలి. తండ్రి పోయినప్పటి నుంచి తల్లికి చేతకాదని తెలిసి, తేవద్దని ముందే చెప్పి పంపింది కూడా. అయినా తెచ్చిందన్నమాట. 

"ఎందుకే అవ్వా గివన్ని? ఒట్టి చేతులతోని వస్తె నేనేమన్న అందునా?"

లింగవ్వ అరుగు అంచున కూర్చుని కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉంది.

చాయ్‌కి పాలు పట్టుకొస్తానని కిష్టవ్వ పక్కింటికి పోయింది. శంకరవ్వ బావి దగ్గర చేతులు కడుక్కుంది. ఆ బావిలోకి తాడు పట్టుకొని తానే దిగి బురద తోడింది. ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడని చోటు లేదు. పత్తి మిల్లు సేటు తన గుమాస్తా కోసం కట్టించిన ఇల్లు అది. గుమాస్తా వెళ్లిపోయాక ఎలుకలకు, గబ్బిలాలకు వదిలేశారు. సేటు అగ్గువ ధరకు ఇస్తున్నాడని భర్త మొండయ్య చెప్పినప్పుడు, మెడలోని కంటె, గుండ్లు అక్కడికక్కడే తీసి అతని చేతిలో పెట్టింది. అప్పటి నుంచి కూర్చుని అన్నం తిన్నది లేదు. కప్పు మీది పగిలిన గూనపెంకలు ఏరి, మంచివి తుడిచి, కప్పేవాడికి తానే అందించింది. ఎలుక బొరియల్లో గాజు పెంకులు కుక్కి మన్ను మెత్తింది. గోడలకు సున్నం వేసి, కింద ఎర్ర జాజు పట్టీ దిద్దింది. ఊరి బయటి పుట్టమన్ను తెచ్చి వంటింట్లో పొయ్యి వేసింది. అది ఆరి పగుళ్లు ఇస్తే మళ్లీ వేసింది. మిల్లు లైనులోని ఒంటి గదిలో, అన్నంలో దూది పింజలు ఏరుకుంటూ బతికిన మనిషికి రెండు అర్రల ఇల్లు రాజ్యంలా కనబడింది.

చేతులు తుడుచుకొని వచ్చి గంప మూత విప్పింది.

పైన పసుపులో ముంచి ఆరబెట్టిన తెల్ల చీరె. దాని కింద పచ్చ గాజులు. ఆకుల్లో చుట్టిన మట్టెలు. చిన్న ఎర్రగుడ్డ మూట. మూట విప్పితే కొత్త పుస్తె, రెండు వైపులా బంగారు గుండ్లు.

శంకరవ్వ ఒక్క క్షణం అర్థం కాక చూసింది. తరువాత ఆమె ముఖం విచ్చుకుంది.

"అవ్వా! మన భూమికి కుదిరిందా? నాతోని ఒక్క మాటనకపోతివి గదనే!" అంటూ చెల్లెలి వైపు తిరిగింది. "గందుకేనా టాంగ దిగినకాంచి తల దించుకున్నవు! సిగ్గా? నా తాన సిగ్గేందే నీకు?"

భూమవ్వకు ఇరవై దాటింది. అనుకున్న సంబంధం ఒకటి ఏడాది కింద తప్పిపోయినప్పటి నుంచి ఆ పిల్ల పెళ్లి శంకరవ్వకు మనసులో ముల్లులా ఉంది. తండ్రి పోయిన ఏడాది చంకలో వేసుకొని తిప్పిన చెల్లెలు. పత్తి సీజనుకు తన దగ్గరికే పిలిపించుకొని మిల్లులో దూది ఏరే పనికి పెట్టించింది. కాముని పున్నం, అదే హోలీ, ముందు ఒంట్లో బాగాలేదని మొండయ్య ఆ పిల్లను ఉన్నపళంగా బస్సెక్కించి పంపాడు. మళ్లీ చూడడం ఇదే.

"పిల్లగాడు ఎవ్వడే? మన దిక్కోడేనా? ఏం పని చేస్తడు?"

లింగవ్వ కళ్లలోంచి నీళ్లు కారాయి.

"గిదేందే, సంబురం పూట ఏడుస్తరా ఎవ్వలన్న?" శంకరవ్వ తన కొంగుతో తల్లి కళ్లు తుడిచింది. "కట్నం ఫికరా? ఏదన్న చేద్దాం. మీ అల్లుడు కాదంటడా? కొత్త ఇంట్ల మొదటి కార్యం నా చెల్లె పెండ్లి అయితది, గంతకన్న ఏం గావాలె నాకు?"

కిష్టవ్వ అప్పుడే పాల చెంబుతో వాకిట్లోకి వచ్చింది. ఆ మాట విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"చెప్పు వదినె, చెప్పు. పిల్లగాడు ఎవ్వడో నీ పెద్ద బిడ్డె అడుగుతాంది."

లింగవ్వ చేతులు జోడించింది. "నువ్వే చెప్పు వదినె. నాతోని కాదు."

"నువ్వు ఎరిగినోడే తియ్యి" అంది కిష్టవ్వ కోడలితో, చెంబు అరుగు మీద పెడుతూ. "దినాం నీ చేతి రొట్టె తినేటోడే."

శంకరవ్వ ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. మనసుకు తెలిసిన సంగతి ముఖానికి చేరడానికి కొంత సేపు పట్టింది. అరచేతిలో ఉన్న పుస్తెను చూసింది, చెల్లెలిని చూసింది. చెల్లెలు మరోవైపు తిరిగింది.

"అత్తా, ఏమంటున్నవు?"

"నీకు తెలుగుల చెప్పాల్నా, మరాఠిల చెప్పాల్నా? రేపు పొద్దుగాల వాకిట్ల పీటల మీద నా కొడుకు, నీ చెల్లె కూసుంటరు. పుస్తె కట్టినంక కొంగులు ముడేసుకొని కుడికాలు వెట్టి లోపలికి పోతరు. పాలు అదే పొంగిస్తది."

"మరి నేను?"

"ఎనుక దర్వాజ ఉన్నది గద, గాడికెంచి రా. వచ్చినోళ్లకు వండుడు, తోముడు ఉండనే ఉంటది. గొడ్రాలు ముందుగాల కాలు వెట్టిన ఇల్లు ఎన్నడన్న పచ్చగ ఉంటదా? నువ్వే చెప్పు, పెద్దదానివి."

శంకరవ్వ పుస్తెను అరుగు మీది ఎర్రగుడ్డలో పెట్టేసి తల్లి ముందు నేల మీద కూర్చుంది.

"అవ్వా, ఇన్నవా? నువ్వు తెలిసే వచ్చినవా?"

లింగవ్వ ముఖం కప్పుకుంది.

"గీ గంప నువ్వే మోసుకొచ్చినవా? నీ చేతులతోని?"

"ఏం చెయ్యమంటవు బిడ్డా? వాళ్లు ఎట్లయిన తెస్తరు ఇంకోదాన్ని. బయటి పిల్ల వస్తె నిన్ను నెల తిరుగకముందే ఎల్లగొడ్తది. నీ చెల్లె అయితె ఇంత గంజన్న పోస్తది. రేపు దానికి పుట్టినోడు నిన్ను పెద్దవ్వ అంటడు, కొరివి వెడ్తడు. నీ మంచికే…"

"నా మంచికా?"

"దాని గతి గూడ జూడాలె గదనే! పెండ్లి తప్పిన పిల్ల. మొండయ్య దేవుని లెక్క ముందటికొచ్చిండు. నేను కాళ్లు మొక్కిన…" లింగవ్వ ఏదో చెప్పబోయి చప్పున నోరు మూసుకుంది.

మిల్లు కూత వినబడింది. పగటి అన్నానికి వదిలారు. సీజను చివరికొచ్చినా దూదిని మూటలుగా బేళ్లు కట్టే పని ఇంకా సాగుతోంది. కూలీల మీద ముకద్దం మొండయ్య అందరికంటే ముందే వచ్చాడు. అంగీ మీద, మీసాల మీద దూది పింజలు. వాకిట్లో విప్పి ఉన్న గంపను చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు. బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. పాలు పొంగించక ముందు ఇంట్లో వండకూడదని వాకిట్లోనే మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. దాని పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. కిష్టవ్వ జొన్న రొట్టె, పప్పు వడ్డించింది.

శంకరవ్వ అతని ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, గిది నిజమేనా?"

"చెప్పిండ్రు గద."

"నువ్వు చెప్పు. నీ నోటితోని చెప్పు."

"నిజమే." రొట్టె విరిచాడు. "అరవకు. చుట్టుపక్కలోళ్లు ఇంటరు."

"నేను నీకేం తక్కువ చేసిన?"

"తక్కువ చేసినవని ఎవ్వలన్నరు? పని మంచిగ చేసినవు. సున్నం ఎక్కడ గూడ మచ్చ లేకుంట వడ్డది. గంత మంచిగ కూలోళ్లు గూడ ఎయ్యరు."

ఆ మాట అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. 

"నిన్ను పొమ్మంటలేను గద" అన్నాడు తింటూనే. "బావి కాడి కొట్టం నీకే. నులక మంచం ఏపిస్త. తిండికి, బట్టకు తక్కువ చెయ్య."

ఆ కొట్టం కూడా ఆమే అలికింది. ఆవును కొంటానని భర్త చెబితే, లేగదూడ పండుకునే చోటు మెత్తగా ఉండాలని రెండు మార్లు అలికింది. అలుకుతుంటే కిష్టవ్వ వచ్చి తొంగి చూసి, "బాగున్నదే, మనిషి గూడ పండొచ్చు" అన్నది. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

"ఇంకో సంగతి" అన్నాడు మొండయ్య. "ఒకనికి ఇద్దరు ఆడోళ్లు ఉండొద్దని కొత్త కానూన్ వచ్చింది. నువ్వు కచ్చేరికి పోతె నా నౌకరి పోతది. గందుకే రేపు నువ్వే ముందట నిలవడాలె. నీ చేతులతోనే నీ చెల్లె నెత్తిన అచ్చింతలు ఏస్తె ఊరోళ్లు ఎవ్వలేమనరు."

"ఎయ్యకపోతె?"

మొండయ్య తల ఎత్తి చూశాడు. "మీ అవ్వను, చెల్లెను ఇప్పుడే టాంగ ఎక్కియ్యమంటవా? ఎక్కిస్త. అటెన్క వాళ్లు ఏ బాయిల వడ్డరో అడుగకు."

లింగవ్వ గొల్లుమంది. "వద్దు కొడుకా, గంత మాటనకు! బిడ్డా శంకరీ, నీ కాళ్లు వట్టుకుంట…" నిజంగానే వంగి బిడ్డ పాదాలు పట్టుకోబోయింది. శంకరవ్వ వెనక్కి జరిగింది. తల్లి చేతులు మట్టిలో పడ్డాయి.

"నా కంటె అమ్మి కొన్న ఇల్లు గిది" అంది శంకరవ్వ.  "నా మెడల బంగారం ఇచ్చి కొన్న ఇల్లు. గీ ఇంట్లకు నేను ఎనుక దర్వాజ నుంచి రావాల్నా?"

కిష్టవ్వ పకపకా నవ్వింది. "నీ కంటె ఎవ్వలు అమ్మిండ్రే? నీ చేతులనే ఉండె గద ఇందాక! గా పుస్తె, గా గుండ్లు ఏ బంగారమనుకున్నవు? అవుసలాయన కరిగించి చేసిండు. ఏడికి వోలే. నీ చెల్లె మెడలనే ఉంటది, దినాం చూసుకో."

శంకరవ్వ అరుగు మీది ఎర్రగుడ్డ వైపు చూసింది.  తరువాత భర్త వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మరి ఇల్లు దేనితోని కొన్నవు?"

మొండయ్య చెయ్యి గిన్నెలోనే ఆగింది. టాంగా దిగినప్పటి నుంచి బొమ్మలా నిలబడ్డ భూమవ్వ మొదటిసారి తల ఎత్తి అతని వైపు చూసింది.

"సేటు ఇచ్చిండు" అన్నాడు. "ఇన్నేండ్ల సంది పని చేస్తున్న. ఇయ్యడా?"

"ఊరికెనే ఇచ్చిండా?"

"మొగోళ్ల లెక్కలు నీకెందుకే!" కిష్టవ్వ కసిరి కొడుకు గిన్నెలో పప్పు పోసింది. "తిననియ్యి వాన్ని."

శంకరవ్వ ఇక అతన్ని అడగలేదు. చెల్లెలి దగ్గరికి పోయింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది, పెదవులు ఎండి ఉన్నాయి.

"భూమీ, నా దిక్కు చూడు. నీకు ఇష్టమేనా?"

భూమవ్వ పెదవులు కదిలాయి. మొండయ్య గట్టిగా గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల మళ్లీ తల దించుకుంది.

"ఇష్టమేనా అని అడుగుతున్న. కాదను. ఒక్క మాటను, సాలు."

భూమవ్వ ముఖం మీదికి కొంగు లాక్కుంది.

అత్త తిట్టినప్పుడు, భర్త చెప్పినప్పుడు, తల్లి కాళ్ల మీద పడబోయినప్పుడు కూడా శంకరవ్వ ఏడవలేదు. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని అందరూ చూడకముందే ముఖం తిప్పుకుంది.

"మంచిది" అంది. "మీరందరు అనుకున్నంక నేనెవ్వలను?"

కిష్టవ్వ కొడుకు వైపు చూసి కళ్లెగరేసింది. లింగవ్వ ఊపిరి తీసుకొని ముక్కు చీదుకుంది. మొండయ్య మరో రొట్టె అడిగాడు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. మరునాటి పీటల గురించి, పంతులు ఎప్పుడొస్తాడన్న దాని గురించి మాటలు మొదలయ్యాయి. వాళ్లకు ఎంత తొందరగా నిమ్మళం కలిగిందో శంకరవ్వ నిలబడి చూసింది.

తరువాత ఆమె చేసిన పని తొందరపాటుతో చేసింది కాదు. వాకిట్లో పొయ్యి పక్కన పగిలిన పెంక ముక్క ఉంది. దాని మీదికి నిప్పులు లాగింది. చాయ్ కోసం తెచ్చిన పాల చెంబు మరో చేత్తో ఎత్తుకుంది.

"యాడికే?" అంది కిష్టవ్వ.

శంకరవ్వ అరుగెక్కి, తాను పసుపు రాసి బొట్లు పెట్టిన ముందటి గడప దాటి, ఇంట్లోకి పోయింది. పెంక, చెంబు కింద పెట్టి తలుపు మూసి గడియ వేసింది. వంటింట్లోకి నడిచి వెనుక దర్వాజ గడియ కూడా పెట్టింది.

అప్పుడు గాని బయటి వాళ్లకు అర్థం కాలేదు.

"ఓరి కొడుకా! లోపల పొయ్యి రాజేస్తాందిరా!" కిష్టవ్వ కేక పక్క వాడకు వినబడింది. "పాలు తీస్కపోయిందిరా! రేపటి శుభం మన్నుల కలుపుతాందిరా!"

శంకరవ్వ తానే వేసిన పొయ్యిలో నిప్పులు పోసి ఎండు పుల్లలు పేర్చింది. రేపటి కోసం తానే కొని, కడిగి, పసుపు పూసి బోర్లించిన కొత్త కుండ తీసి పాలు పోసింది. బయట తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి. కిష్టవ్వ ఆమె పుట్టుకను, ఆమె కడుపును, ఆమె చచ్చిన తండ్రిని వరసగా తిడుతోంది. "తియ్యవే గొడ్డుదానా! నీ పాడె గిదే ఇంట్లకెంచి లేస్తది!" శంకరవ్వ పొయ్యి ముందు కూర్చుని ఊదింది. పొగకు కళ్లు మండాయి. ఇక ఏడిస్తే ఏమి, ఎవరు చూస్తారు?

పాలు పొంగి అంచులు దాటి నిప్పుల్లో పడ్డాయి. చుంయ్‌మని పొగ లేచింది.

"కాయ్ ఝాలా? కాయ్ ఝాలా?" అని ఏమైందో మరాఠీలో అడుగుతూ పక్కింటి జీజాబాయి, ఇంకెవరో ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చిన సవ్వడి వినబడింది. పొగ పెంకల సందుల్లోంచి పైకి పోవడం వాళ్లందరూ చూశారు.

"ఇల్లు సొచ్చుడు అయింది!" లోపలి నుంచి గట్టిగా అరిచింది శంకరవ్వ. "మొండయ్య పెండ్లాం పాలు పొంగిచ్చింది! ఇగ ఎవ్వలన్న పొంగిచ్చుకుంటె ఎంగిలి ఇంట్లనే పొంగిచ్చుకోవాలె!"

బయట ఒక్కసారిగా సద్దుమణిగింది. తరువాత మొండయ్య గొంతు తలుపుకు దగ్గరగా, నెమ్మదిగా వినబడింది.

"నిచ్చెన తెస్తున్న. పెంకలు తీసి దిగుత. నేను దిగేవరకు తలుపు తియ్యకపోతివా, నిన్ను జుట్టువట్టి గుంజుకొచ్చి నడివాకిట్ల ఏస్త. గీ ఆడోళ్లందరి ముంగట."

పైన గోడకు నిచ్చెన ఆనిన శబ్దం. శంకరవ్వ కదల్లేదు. అప్పుడు తలుపు మీద చాలా మెల్లగా ఎవరో తట్టారు.

"అక్కా."

అది భూమవ్వ.

"అక్కా, నేనొక్కదాన్నే ఉన్న. వాళ్లు అటు వోయిండ్రు. తలుపు తియ్యి."

శంకరవ్వ పొయ్యిలో ఇంకో పుల్ల పెట్టింది.

"జల్ది తియ్యి అక్కా. నీ కాళ్లు మొక్కుత. ఒక్క మాట చెప్పి సస్త."

ఆ చివరి మాట విని శంకరవ్వ లేచింది. ఎంతైనా తన చంకన పెరిగిన పిల్ల. గడియ తీసింది. సందిచ్చినంతలోనే భూమవ్వ లోపలికి దూరి, వెనక్కి తిరిగి తానే గడియ బిగించింది. అటునుంచి కిష్టవ్వ పరుగెత్తుకొచ్చి తలుపు మీద పడింది. "పిల్లా! నువ్వెందుకే లోపలికి వోయినవు? చెప్పినవంటె నాలుక కోస్త!"

మాడిన పాల వాసన ఇల్లంతా పరుచుకొని ఉంది. అది ముక్కుకు తగలగానే భూమవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండు అడుగులు వేసి గోడ పట్టుకొని వంగింది. కడుపులో ఏమీ లేకపోయినా వాంతికి పేగులు మెలిపెట్టినట్లు వణికిపోయింది. కొత్త సున్నం మీద ఆ పిల్ల అయిదు వేళ్లూ చెమ్మగా అంటుకున్నాయి.

శంకరవ్వ చెల్లెలి నడుమును చూసింది. చీరె ఎందుకంత వదులుగా కట్టుకుందో ఇప్పుడు అర్థమైంది. సీజను, కాముని పున్నం, ఒంట్లో బాగాలేదని పంపడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు నిలిచాయి.

"బావదా?" అంది. మాట నోట్లోంచి బయటికి రావడానికే కష్టమైంది.

భూమవ్వ తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం చెప్పకు."

"బావ నన్ను ముట్టలే అక్కా. చిన్న సేటు. బేళ్ల గోదాముల… నేను అరిచిన. బయట మిషన్ల చప్పుడు. ఎవ్వలినలే." భూమవ్వ గోడకు జారగిలి కూర్చుంది. "బావతోని చెప్పిన. నీకు చెప్పొద్దన్నడు. పెద్ద సేటుతోని మాట్లాడి నాయం చేపిస్త అన్నడు. నన్ను గూడ తీస్కపోయిండు."

పైన పెంకలు ఒక్కొక్కటిగా జరుగుతున్నాయి. మట్టి రాలి పొయ్యి దగ్గర పడుతోంది.

"ఏం నాయం చేసిండ్రు?"

"పెద్ద సేటు నా దిక్కు చూడనే లేదు. పిల్లను నువ్వు చేసుకో, కడుపు నీదని చెప్పు, మా పిలగాని పేరు ఎక్కడ రావొద్దు అన్నడు. బావ జరసేపు ఊకున్నడు. అటెన్క ఉండెటందుకు ఇల్లు లేదు సేటూ అన్నడు." భూమవ్వ ఏడవడం లేదు. ఏడుపంతా ఎప్పుడో అయిపోయినట్లు చెబుతోంది. "సేటు బల్ల సొరుగు తీసి తాళంచెయి చేతుల వెట్టిండు. బావ రెండు చేతులతోని మొక్కిండు. నా ముంగటనే అక్కా."

"అవ్వకు తెలుసా?"

"కడుపు సంగతి తెలుసు. ఇంటి సంగతి తెల్వదు. నా ఇజ్జత్ కాపాడెటందుకు బావ చేసుకుంటున్నడని ఆయన కాళ్లు మొక్కింది. అత్తకు మాత్రం అన్ని తెలుసు."

శంకరవ్వ చుట్టూ చూసింది. సున్నం, జాజు, అలికిన నేల. తన చేతుల వైపు చూసుకుంది. 

"నువ్వు కొన్నమనుకుంటున్నవు. గీ ఇల్లు కొన్నది కాదక్కా" అంది భూమవ్వ. "నన్ను అమ్మితె వచ్చింది."

నెత్తి మీద పెంక ఒకటి పగిలి నేల మీద పడింది. పైనుంచి ఎండ ఒక్కసారిగా లోపలికి దూకింది. ఆ సందులోంచి మొండయ్య ముఖం కనబడింది. అతను శంకరవ్వ వైపు చూడలేదు. గోడకు ఆనుకొని కూర్చున్న భూమవ్వ వైపే చూశాడు.

"చెప్పినవా?" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. రెండు చేతులతో వాసాలు పట్టుకొని, ముందుగా ఒక కాలు లోపలికి దించాడు. శంకరవ్వ చెల్లెలికి అడ్డంగా వచ్చి నిలబడి, పొయ్యిలో మండుతున్న కట్టెను లాగి చేతిలోకి తీసుకుంది.